అమావాస్యకే చెల్లే టిక్కెట్టు

చల్లపల్లి నేతవీధిలో ఏడుకొండలు అంటే ముందు గుర్తొచ్చేది అతను నేసిన చీర అంచు. ఆ తర్వాత గుర్తొచ్చేది అతని మౌనం. గుంటమగ్గంలో దిగి కూర్చున్నాడంటే పొద్దుగూకేదాకా అక్కడ వినబడేది తాడు లాగిన చప్పుడు, దారాన్ని దగ్గరికి నొక్కే పలక కొట్టిన చప్పుడు, అంతే. ఎవరైనా అరుగు మీద కూర్చుని దేశం సంగతులు చెబితే తల ఊపేవాడు. ఆ ఊపులో అవుననీ లేదు, కాదనీ లేదు. పడుగులో దారం తెగిందేమోనని అటూ ఇటూ చూసుకోవడమే ఉంది. అతని వంతు మాటలన్నీ భార్య చౌడేశ్వరి మాట్లాడేది. తన వంతువి ఎలాగూ మాట్లాడేది.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయింది గాని నూలు మీద కంట్రోలు పోలేదు. నూలు కావాలంటే నేత సంఘానికి వెళ్లాలి. సంఘమంటే ప్రెసిడెంటు మార్కండేయులు గారు. ఆయనా నేతగాడి కొడుకే. మగ్గం గుంటలోంచి ఎప్పుడో పైకొచ్చాడు, వచ్చినవాడు తిన్నగా వేదిక ఎక్కాడు, మళ్లీ దిగలేదు. చేతులతో చేసే పని మానేశాక ఆయన చేతులకు ఉపన్యాసంలో మంచి ఉపయోగం దొరికింది.

ఆ ఏడు ఆయన వైద్య సహాయ పథకం తెచ్చారు. ఖర్చులో సగం సర్కారు గ్రాంటు, సగం నేతగాళ్ల కూలీలోంచి కోత. కోత వెంటనే వచ్చింది. గ్రాంటు వస్తూ ఉంది. ఇంటికొక టిక్కెట్టు ఇచ్చారు. దళసరి అట్ట, ముందువైపు రాట్నం బొమ్మ, వెనకవైపు ముగ్గురు డాక్టర్ల పేర్లు. ఒకాయన చల్లపల్లిలోనే, మిగిలిన ఇద్దరూ బెజవాడ గవర్నర్‌పేటలో. టిక్కెట్టు చూపిస్తే వీళ్లు ఉచితంగా చూస్తారు, డబ్బు సంఘం వాళ్లకు పంపుతుంది. అన్నిటికన్నా కింద, చీమ తలంత అక్షరాల్లో ఒక నిబంధన: "ఈ టిక్కెట్టు అమావాస్య దినమున మాత్రమే చెల్లును."

నేతగాళ్లు అమావాస్యనాడు మగ్గం ముట్టరు. తాతల నాటి సెలవు అది. మామూలు రోజుల్లో డాక్టరు దగ్గరికని మగ్గాలు ఆపేస్తే బట్ట దిగుబడి తగ్గిపోతుంది. కాబట్టి జబ్బులన్నీ సెలవురోజుకే కుదిరేలా ఏర్పాటు చేశారు. ఈ ఆలోచన తనకు తెల్లవారుజామున స్నానం చేస్తుండగా తట్టిందని మార్కండేయులు గారు సభలో చెప్పుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్లలో ఎవరికీ ఆ రోజు ఒంట్లో నలతగా లేదు.

వేసవిలో ఏడుకొండలు మగ్గం తాడు లాగే పిడి చీలి, సన్నటి పేడు ఒకటి కుడి అరచేతిలో దిగింది. బట్టలో దారం ముడులు తీసే చిమటాతోనే దాన్ని లాగి పారేసి మళ్లీ నేతకు కూర్చున్నాడు. లోపల కొంచెం మిగిలిపోయినట్టుంది. మర్నాటికి అరచెయ్యి ఎర్రబడింది, ఆ మర్నాటికి బూరెలా పొంగింది. చెయ్యి కిందికి వేలాడితే గుండె అక్కడే కొట్టుకుంటున్నట్టు ఒకటే సలుపు. తలకన్నా పైకి ఎత్తి పట్టుకుంటే కాస్త నయం. అందుకని ఎత్తే పట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు.

"ఏమయ్యా, ఎవర్ని ఆశీర్వదిస్తున్నావ్?" అంది చౌడేశ్వరి.

"సలుపుతుందే."

"సలపదూ మరి! మంగలి తాతని పిలుస్తాను. మొన్న పక్కింటాయన వీపు మీద కురుపు కోశాడు, శుభ్రంగా మానింది."

"వీపు మీద కురుపైతే నేనూ కోయించుకుందును. ఇది అరచెయ్యి. నరం తెగితే తాడెవరు లాగుతారు? నువ్వా?" ఏడుకొండలు ఒక్కసారి ఇంత మాట్లాడాడంటే భయపడ్డాడని అర్థం. "టిక్కెట్టుంది కదా. డాక్టరుకే చూపిద్దాం. కోత కోస్తున్నారు కదా."

భయపడడానికి కారణం ఉంది. మగ్గం మీద చీర సగంలో ఆగింది. మగ్గం నడవనివాడికి సంఘం మళ్లీ నూలివ్వదు, అతని వాటా ఇంకొకడి మగ్గానికి పోతుంది. అంతకన్నా పెద్ద సంగతి, ఆ వేళ్లు ముడుచుకుపోతే వాటికి నేర్పించడానికి ఇంకో విద్య లేదు.

చల్లపల్లి డాక్టరు చెయ్యి చూడలేదు, టిక్కెట్టు చూశాడు. అటు తిప్పి, ఇటు తిప్పి, రాట్నం బొమ్మను మెచ్చుకున్నాడు.

"ఇవాళ తిథేమిటి?"

"బహుళ ద్వాదశండీ."

"అమావాస్యకి రా."

"అప్పటిదాకా ఆగేట్టు లేదండీ."

"ఫీజిస్తే ఇప్పుడే కోస్తాను. టిక్కెట్టయితే అమావాస్యకే. నిబంధన నేను పెట్టానా? మీవాళ్లే పెట్టారు. నా మీదికి చెయ్యెత్తుతావేం, దించు."

"దించలేనండీ."

ఫీజు ఇవ్వడానికి ఇంట్లో లేదు. ఉన్నా, కూలీలో కోసింది చాలక మళ్లీ ఇవ్వడమేమిటని అతని పట్టుదల. నిబంధన పెట్టినవాళ్లనే అడుగుదామని ఆ సాయంత్రం సంఘం ఆఫీసుకు వెళ్లాడు. అక్కడ కార్యవర్గం సమావేశం జరుగుతోంది. చాప మీద సభ్యులు, కుర్చీలో మార్కండేయులు గారు. ఏడుకొండలు గుమ్మం దగ్గర చెయ్యెత్తుకుని నిలబడ్డాడు, పిలుస్తారేమోనని.

ఎవరో ఇద్దరు ముగ్గురు నేతగాళ్లు అమావాస్య నిబంధన బాగోలేదని అంతకుముందే గొణిగారట. ఆ గొణుగుడికి జవాబుగా ప్రెసిడెంటు గారు ఒక తీర్మానం తయారుచేసుకుని వచ్చారు. క్రమశిక్షణ లేని ఆరోగ్యం దేశానికి అక్కర్లేదని దాని సారాంశం. చదవడం పూర్తిచేసి, "నిబంధన యథాతథంగా ఉండాలనేవారు చేతులెత్తండి" అన్నారు.

సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు ఎత్తుతారా అని చూస్తే, గుమ్మం దగ్గర ఒక చెయ్యి అప్పటికే లేచి ఉంది. సరే, నేతగాడే ఎత్తాక మనకేమిటని అందరూ ఎత్తేశారు.

"ఏకగ్రీవం!" అన్నారు మార్కండేయులు గారు.

"అయ్యా, నేను ఎత్తలేదండీ" అన్నాడు ఏడుకొండలు.

"ఎత్తిన చెయ్యి దించకుండానే ఎత్తలేదంటావేమయ్యా?"

"ఇది కురుపండీ. దించితే సలుపుతుంది. దీని కోసమే వచ్చానండీ, నిబంధన కొంచెం..."

మార్కండేయులు గారు కుర్చీలోంచి లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యేశారు. సభ్యుల వైపు తిరిగారు. "చూశారా? తన చెయ్యి బాగోలేదు. అయినా సంఘం కోసం ఆ చెయ్యే ఎత్తాడు. సభ్యుడంటే ఇలా ఉండాలి." ఆ మాటకు చప్పట్లు మోగాయి. వాపు దగ్గర తగిలీ తగలకుండా అతని చెయ్యి పట్టుకుని ఊపి పంపించారు.

ఇంటికొచ్చి జరిగింది చెబితే చౌడేశ్వరి వీధంతా వినేలా అరిచింది. "నీ రోగానికి నువ్వే ఓటేసొచ్చావా మహానుభావా!"

అమావాస్య వచ్చింది. ఆదివారం పడింది. తెల్లారగానే మొగుడూ పెళ్లాలు చల్లపల్లి డాక్టరు ఇంటికి వెళ్తే తలుపుకు తాళం. ఎదురుగా కిళ్లీకొట్టు ఆయన తమలపాకులు తుడుస్తూ నవ్వాడు.

"అమావాస్యనాడు ఎవరన్నా మందు మొదలెడతారా అమ్మా? ఒక్క రోగీ రాడు. అందుకని ఆయన అవనిగడ్డలో పేకాటకి పోతాడు. ప్రతి అమావాస్యకీ అంతే."

"ఈ సంగతి మా ప్రెసిడెంటు గారికి తెలుసా?"

"తెలీకేం? ఇద్దరూ ఒకే బస్సులో పోతారుగా."

ఇక మిగిలింది బెజవాడ. బొగ్గు బస్సు అది. వెనకాల బాయిలరులో బొగ్గు మండిస్తే ఆ గ్యాసుతో నడిచేది, అంటే నడిచినప్పుడు నడిచేది. ఎత్తు వచ్చిన చోటల్లా జనం దిగి తోశారు. ఏడుకొండలు తోయలేడు కాబట్టి పక్కన చెయ్యెత్తి నిలబడ్డాడు. కండక్టరుకు కోపం వచ్చింది.

"ఏందయ్యా, ఆపమంటావు? ఆగే ఉందిగా!"

పెద్దాసుపత్రిలో రోగుల్ని చూసే వేళ దాటాక గాని బస్సు బెజవాడ చేరలేదు. గవర్నర్‌పేటలో రెండో డాక్టరు బోర్డు కింద కాంపౌండరు ఒకడు బల్ల మీద పడుకుని విసనకర్రతో విసురుకుంటున్నాడు.

"అమావాస్య పూట డాక్టరు గారు కొత్త రోగం ముట్టరు" అన్నాడు లేవకుండానే. "పాతదైతే చెప్పండి, లోపల అడిగొస్తా."

"పాతదే బాబూ" అంది చౌడేశ్వరి. "కావాలంటే వాసన చూడు."

వాడు లేచి కూర్చుని, చెయ్యి చూసి, టిక్కెట్టు చూసి, మళ్లీ పడుకున్నాడు.

మూడో డాక్టరు ఇంటి వసారాలో పడక కుర్చీలో పత్రిక చదువుకుంటున్నాడు. టిక్కెట్టు వెనక తన పేరు చూసుకుని కళ్లద్దాలు సవరించుకున్నాడు.

"ఇది నా పేరే! ఎవరు వేశారు?"

"మా ప్రెసిడెంటు మార్కండేయులు గారండీ."

"మార్కండేయులా? ఎప్పుడో ఒకసారి అజీర్తి అని వచ్చాడు, మందిచ్చాను. పేరు అచ్చు వేస్తానని నాతో ఒక్క ముక్క అనలేదే! అభిమానం కాబోలు." టిక్కెట్టు వెనక్కి ఇచ్చేశాడు. "నేను ఇవాళ కత్తి పట్టనయ్యా, మా ఇంట్లో ఒప్పుకోరు. ఇదే వీధి చివర కృపానందం గారని ఉన్నారు. క్రైస్తవులు. ఆయనకి అమావాస్య పట్టింపు లేదు, వెళ్లండి."

ఏడుకొండలు మొహంలో పొద్దున్నించీ లేని వెలుగొచ్చింది. చెయ్యెత్తుకుని పరుగులాంటి నడకతో వీధి చివరికి చేరాడు. కృపానందం గారి ఆసుపత్రి గది తలుపులు మూసి ఉన్నాయి. వెనక ఇంట్లోంచి ఆయన భార్య అమలమ్మ గారు వచ్చారు.

"ఆదివారం కదమ్మా. ఆయన చర్చిలో ఉన్నారు. ఆదివారం రోగుల్ని చూడరు. రేపు పొద్దున్నే రండి."

చౌడేశ్వరి గడప మీద కూలబడింది. "ఒకాయనకి తిథి, ఇంకొకాయనకి వారం. నక్షత్రం చూసుకునే డాక్టరు కూడా ఎక్కడో ఉండే ఉంటాడు. రేపటికి అమావాస్య పోతుందమ్మా!"

"పోతే మంచిదేగా?"

"మాకు చెల్లదమ్మా."

అమలమ్మ గారికి ఏమీ అర్థం కాలేదు. అర్థం చేసుకుందామని టిక్కెట్టు చదివారు, ఇంకా అర్థం కాలేదు. అప్పుడు చెయ్యి చూశారు. అది చదవడానికి ఆమెకు కళ్లద్దాలు అక్కర్లేకపోయింది. మణికట్టు దాటి ఎర్రటి గీత ఒకటి పైకి పాకుతోంది. "రేపు వద్దు. చర్చికి వెళ్లి గుమ్మంలో నిలబడండి. ఆయన చూస్తే లేచి వస్తారు. నేను నీళ్లు మరగబెడతాను" అన్నారు.

చర్చిలో సాయంత్రం ప్రార్థన జరుగుతోంది. గుమ్మంలో జోళ్లు విడిచి ఇద్దరూ వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. కృపానందం గారెవరో వాళ్లకు తెలియదు. ముందు వరసల్లో అన్నీ వీపులే. పాదిరిగారు కరుణ గురించి మాట్లాడుతున్నారు. చాలాసేపు మాట్లాడారు. చివరికి, "దేవుడు మీకు చేసిన మేలు చెప్పుకోవాలనుకున్నవాళ్లు చెయ్యెత్తండి" అన్నారు.

వెనక గోడ దగ్గర ఒక చెయ్యి లేచి ఉంది.

"మంచిది! వెనకనున్న సహోదరుడు. సిగ్గుపడొద్దు, చెప్పండి."

అన్ని వీపులూ మొహాలయ్యాయి. పదిమందిలో నోరు విప్పడమంటేనే గిట్టని ఏడుకొండలు చౌడేశ్వరి వైపు చూశాడు. చౌడేశ్వరికి కూడా ఆ క్షణంలో మాట దొరకలేదు. చేసేది లేక అతనే చెప్పాడు.

"మేలేమీ లేదండీ. దించితే సలుపుతుందండీ."

పిల్లలు కిసుక్కున నవ్వారు. పెద్దవాళ్లు వాళ్లను గదిమారు. హార్మోనియం దగ్గర కూర్చున్న బక్కపలచటి మనిషొకాయన మాత్రం నవ్వలేదు. పెట్టె మూసి, పాదిరిగారికి చిన్నగా తలవంచి, బెంచీల మధ్యనుంచి నడిచి వచ్చాడు. ఎత్తిన చేతిని కిందికి దించనివ్వకుండా అలాగే పట్టుకుని, దీపం వెలుగుకు తిప్పి చూశాడు.

"ఎన్నాళ్లయింది?"

"ద్వాదశికి ముందండీ."

"మరి ఇన్నాళ్లూ ఏం చేశావు?"

"అమావాస్య కోసం ఆగానండీ."

ఆయనే కృపానందం గారు; పట్టుకున్న చెయ్యి వదలకుండానే ఇద్దర్నీ బయటికి నడిపించాడు. దారి పొడుగునా చౌడేశ్వరి టిక్కెట్టు కథ మొత్తం చెప్పింది, కిళ్లీకొట్టు దగ్గర్నుంచి. ఆయన ఊ కొట్టలేదు, ఆపమనలేదు. ఆసుపత్రి గదిలోకి రాగానే కోటు విప్పి, చేతులు కడుక్కుని, మరిగిన నీళ్లలోంచి కత్తి తీశాడు. అంతవరకూ నీరసంగా కనిపించిన మనిషి చేతిలోకి కత్తి రాగానే వేరే మనిషయ్యాడు. ఏడుకొండలు నొప్పి మరిచిపోయి ఆ వేళ్లనే చూశాడు. తొందర లేదు, తడబాటు లేదు. ఎక్కడ దించాలో అక్కడే దించి, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపాడు. చెడునీరంతా పోయింది. దాంతోపాటు నల్లటి పేడు ముక్క ఒకటి బయటికొచ్చింది.

"చిటికెన వేలు ఆడించు. ఉంగరం వేలు. ఊ, బొటన వేలు."

అన్నీ ఆడాయి. ఏడుకొండలు కళ్లు తుడుచుకున్నాడు, ఎడమ చేత్తో.

"వచ్చే అమావాస్యదాకా ఆగి ఉంటే ఈ చెయ్యి ఉండేది కాదు. నువ్వూ ఉండేవాడివి కావు" అన్నాడు డాక్టరు. కట్టు కట్టడానికి గుడ్డపేలికలు తీశాడు. పాత పంచె చింపినవి. అంచుల దారాలు ఊడి పుండులో పడతాయేమోనని ఒక్కొక్కటీ పీకుతూ విసుక్కున్నాడు. "కట్టుబట్ట దొరికి చస్తే కదా! ఉన్నదంతా ఇదే."

ఏడుకొండలు బొడ్డులోంచి టిక్కెట్టు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది తీసుకుంటారాండీ?"

కృపానందం గారు దాన్ని పూర్తిగా చదివారు, చీమ తలకాయలతో సహా. "డబ్బు ఎప్పుడు పంపుతారట మీవాళ్లు?"

"పంపుతామన్నారండీ. ఎప్పుడనేది అనలేదండీ."

డాక్టరు అట్టను వేళ్లతో నొక్కి చూశారు. బాగా గట్టిగా ఉంది. నాలుగు మడతలు పెట్టి, కత్తిపెట్టె ఉన్న బల్ల కుంటికాలు కింద దోపి, బల్లను అటూ ఇటూ కదిపి చూశారు. కదల్లేదు. అచ్చయిన టిక్కెట్లన్నిటిలోకీ ఏదో ఒక బాధ తీర్చింది అదొక్కటే.

"నీ చెయ్యి మానాక నాకు కట్టుబట్ట నేసిపెట్టు" అన్నారు. "సన్నటి పట్టీ. రెండు పక్కలా అంచుండాలి, దారం ఊడకూడదు. మెత్తగా, వదులుగా ఉండాలి. కుదురుతుందా?"

ఏడుకొండలు కట్టు కట్టిన చెయ్యి వైపు చూసుకున్నాడు. తల ఊపాడు. ఈసారి ఊపింది దారం కోసం కాదు.

చెయ్యి మానింది. మార్కండేయులు గారి సంఘం ఆ నెల నూలు వాటా మాత్రం ఇంకొకడి మగ్గానికి ఇచ్చేసింది, అదీ నిబంధనే. ఇరుగుపొరుగు మగ్గాల మీద మిగిలిన ముక్క దారాలన్నీ చౌడేశ్వరి ఇల్లిల్లూ తిరిగి కండెలు చుట్టి తెచ్చింది. ఏడుకొండలు మొట్టమొదట కూర్చుని నేసింది చీర కాదు, డాక్టరు గారి పట్టీ. పలక మెల్లగా, తాకీ తాకనట్టు కొట్టి నేయాలి. ఏళ్ల తరబడి గట్టిగా కొట్టడం అలవాటైన చేతికి అది కొత్త విద్య, రెండు మూడు మూరలు పాడుచేశాక గాని కుదర్లేదు. చుట్ట చుట్టి బెజవాడ తీసుకెళ్తే, కృపానందం గారు విప్పి వెలుగుకు పెట్టి చూసి, "ఊ" అన్నారు. ఏడుకొండలుకు ఆ "ఊ" చాలింది.

ఆ తర్వాత నేతవీధికంతటికీ డాక్టరెవరంటే కృపానందం గారే. జ్వరమొస్తే ఆయన, కాన్పు కష్టమైతే ఆయన. వెళ్లేవాళ్లు ఒక చుట్ట పట్టీ పట్టుకెళ్లేవారు. సోమవారం నుంచి శనివారం దాకా ఏ తిథి అయినా చూసేవాడాయన. ఆదివారం వెళ్తే మాత్రం చర్చి గుమ్మంలో నిలబడాలి. "చెయ్యెత్తకండి, మాట్లాడమంటారు" అని చౌడేశ్వరి అందరికీ ముందే చెప్పి పంపేది.

సంవత్సరాంతంలో సంఘం సర్వసభ్య సమావేశం జరిగింది. మార్కండేయులు గారు నివేదిక చదివారు. వైద్య సహాయ పథకం ఎవరూ ఊహించని విజయం సాధించిందట. సంవత్సరం మొత్తం మీద ఒక్క టిక్కెట్టు కూడా వాడబడలేదట. అంటే నేతగాళ్లలో ఒక్కరికీ జబ్బు చేయలేదట.

"ఆ మాటేంటండీ?" అంది ఆడవాళ్ల వైపునుంచి చౌడేశ్వరి. "మా ఆయన చెయ్యి మాటో?"

"టిక్కెట్టు వాడారా అమ్మా?"

"లేదండీ. బల్ల కింద ఉంది."

"వాడలేదు కదా. మరి రికార్డు ప్రకారం మీ ఆయనకి కురుపే లేవలేదు." మార్కండేయులు గారు కాగితం మడిచారు. "పథకాన్ని ఇలాగే కొనసాగించాలనేవారు చేతులెత్తండి."

సభ్యులు అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి ఏడుకొండలు వైపు చూశారు. అతను రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కుడి అరచేతిలో సన్నటి తెల్లటి మచ్చ. కాసేపు ఎవరి చెయ్యీ లేవలేదు.

"ఏమయ్యా ఏడుకొండలూ," అన్నారు ప్రెసిడెంటు గారు, "చెయ్యి ఇంకా లేవడం లేదా?"

"లేస్తుందండీ," అన్నాడు ఏడుకొండలు. "ఇప్పుడు దిగుతోంది కూడా."